చెప్పుల గడప

పూర్వం, మనుషుల చేతుల్లోకి టెలిఫోన్లు ఇంకా రాని కాలంలో, స్పెయిన్ దేశపు రాజధాని నుంచి పొద్దున రైలెక్కితే సాయంత్రానికి చూసి తిరిగి రాగలిగినంత దూరంలో వాల్దెరోకా అనే ప్రాచీన నగరం యాత్రికులతో కళకళలాడుతూ ఉండేది. ఆ నగరం ఒక మహాశిల మీద కూర్చుని ఉంటుంది. దానికి మూడు పక్కలా నది కోసిన అగాధమైన లోయ, నాలుగో పక్క రాతికోట. ఆ శిల నడినెత్తిన, ఏ రాజు ఏ మొక్కు తీర్చుకోవడానికి కట్టించాడో గాని, మేరీమాత దేవాలయం ఒంటి గోపురంతో ఆకాశాన్ని తాకుతున్నట్టు నిలిచి ఉంటుంది. కాలక్రమాన జనం పెరిగి, చోటు చాలక, ఆ దేవాలయపు గోడలకే ఆనించి ఇళ్ళు కట్టుకున్నందువల్ల, దాని చుట్టూ తిరిగి రాదలచినవారు గోడ వెంట నడిచే వీలు లేక సందుల్లోకి దిగి, లోయ అంచు దాకా పోయి, మళ్ళీ ఎక్కి రావలసి ఉంటుంది. పడమటి ద్వారం ముందున్న రాతిమెట్టుకు చెప్పుల గడప అని పేరు. ఆ పేరు వచ్చిన వైనం ఇది.

బందరులో సౌభాగ్యమ్మ, ఇందుమతి అనే అక్కచెల్లెళ్ళు ఉండేవారు. తల్లి చిన్నతనంలోనే పోవడంచేత ఇందుమతికి అక్కే తల్లి. జడ వేసినా, జ్వరం వస్తే తల దగ్గర కూర్చున్నా ఆ అక్కే. అటువంటి సౌభాగ్యమ్మకు పెద్దతనంలో మతిమరుపు మొదలయింది. మొదట తాళంచెవులు మరిచిపోయింది, తరువాత తిథివారాలు, ఆ తరువాత ఇరుగుపొరుగుల పేర్లు. ఇది తిరిగి వచ్చే దారి కాదని వైద్యుడు చెప్పిన నాటినుంచి ఇందుమతి గుండెలో ఒకే భయం గూడు కట్టుకుంది: ఏదో ఒక పొద్దున అక్క లేచి తనను చూసి ఎవరమ్మా నువ్వని అడుగుతుందని. ఆ పొద్దు రాకముందే నాలుగు దేశాలు చూపిద్దామన్న తాపత్రయంతో, అందరూ వద్దంటున్నా, అక్క చెయ్యి వదలనని బావగారికి మాట ఇచ్చి, భుజంగరావు అనే ఆయన తీసుకువెళుతున్న యాత్రాబృందంతో ఆమె బయలుదేరింది.

వాల్దెరోకాకు వెళ్ళే రైలులో సౌభాగ్యమ్మ కిటికీ పక్కన కూర్చుని, బయట పరుగెత్తే ఆలివు తోటలనూ ఎర్రటి నేలనూ చూస్తూ, "బెజవాడ దాటామా?" అని అడిగింది.

"ఇంకా లేదక్కా," అంది ఇందుమతి.

"ఈ బండి ఎప్పుడూ ఇంతే. నువ్వు పులిహోర పొట్లం తెచ్చావా, లేక అదీ మరిచిపోయావా? నీకు మతిమరుపు ఎక్కువైపోతోందే."

ఎదుటి సీటులో భుజంగరావుగారు నవ్వారు. ఇందుమతీ నవ్వి, అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. దూరాన కొండ మీద గోపురం కనబడగానే సౌభాగ్యమ్మ కళ్ళకద్దుకుని, "ఏ దేవుడైతేనేం, గోపురం చూస్తే సగం పాపం పోతుంది," అంది.

దేవాలయం పడమటి ద్వారం దగ్గరకు వచ్చేసరికి చిక్కు వచ్చింది. ఆ దేశంలో దైవసన్నిధికి పాదరక్షలతోనే వెళతారు. జనమంతా బూట్లతో లోపలికి నడిచిపోతుంటే సౌభాగ్యమ్మ గడప ముందు ఆగిపోయింది.

"గుళ్ళోకి చెప్పులతో పోతారటే? వాళ్ళకు తెలియదు సరే, నీకేం వచ్చింది?"

"ఇక్కడ విప్పకూడదక్కా, ఎవరైనా తీసి పారేస్తారు," అని ఇందుమతి బతిమాలింది. అక్క వినలేదు. తోలు చెప్పుల జతను మెట్టు మీద వారగా, ముందువైపు ద్వారానికి ఉండేటట్టు, ఎప్పుడూ పెట్టే పద్ధతిలోనే పెట్టి, ఉత్త కాళ్ళతో లోపలికి వెళ్ళింది.

లోపల పట్టపగలే చీకటి. ఎక్కడో ఎత్తున రంగుటద్దాల వెలుగు, కింద కొవ్వొత్తుల వరుసలు. మేరీమాత ముందు తామూ ఒక దీపం పెడదామని ఇందుమతి వంగి వత్తి అంటించింది. గాలికి అది ఆరింది, మళ్ళీ అంటించింది. తల ఎత్తి చూస్తే పక్కన అక్క లేదు.

బృందమంతా స్తంభస్తంభం వెనకా వెతికింది. కుడిపక్క చిన్న తలుపు ఒకటి సందులోకి తెరిచి ఉంది. ఆ సందు రెండయి, ఆ రెండూ నాలుగయి, చివరకు అన్నీ లోయ వైపే పోతున్నాయి. పొద్దు వాలుతున్నా ఆమె జాడ లేదు. పడమటి మెట్టు మీద చెప్పులు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అక్కకు హోటలు పేరు తెలియదు, ఆ దేశపు భాష తెలియదు, అసలు తాను ఏ దేశంలో ఉన్నదీ తెలియదు. లోయ అంచున పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదని వస్తూ వస్తూ తానే చూసింది.

భుజంగరావుగారు గడియారం చూసుకున్నారు. "ఇందుమతిగారూ, ఆఖరి బండి వేళయింది. అది మన ఊరి ప్యాసింజరు కాదమ్మా, కేకేస్తే ఆగడానికి. స్టేషనులో పోలీసులకు చెప్పి, వీళ్ళను హోటలుకు చేర్చి, పొద్దుటి బండికి వస్తాను. ఏమో, మీ అక్కగారు స్టేషనుకే చేరారేమో. మీరూ రండి."

"చెప్పులు ఇక్కడున్నాయి. నేను రాను," అంది ఆమె. ఆయన జనాన్ని తీసుకుని వెళ్ళారు.

ఆ ద్వారం దగ్గర కొవ్వొత్తులు అమ్మే రెమెదియోస్ అనే ముసలావిడ, రోజూ మాదిరిగానే మెట్లు ఊడుస్తూ వచ్చి, ఎవరో పారేసినవనుకుని ఆ చెప్పుల్ని చీపురుతో పక్కకు నెట్టబోయింది. ఇందుమతి వాటికి అడ్డంగా చేతులు చాచింది. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా, చెప్పుల్నీ, ఖాళీ సందునూ, తన తలనూ చూపించి, గాలిలో ఏదో చెరిగిపోయినట్టు ఆమె చేసిన సైగను ఆ ముసలావిడ గ్రహించింది. వెళ్ళి వెతకమన్నట్టు సందు వైపు చూపింది. ఇందుమతి కదలలేదు. తాను అటు వెళ్ళినప్పుడు అక్క ఇటు వస్తే, చెప్పులుండి మనిషి లేకపోతే, ఇక ఆ పిచ్చితల్లి ఎటు పోతుంది? అప్పుడు రెమెదియోస్ చీపురు గోడకు ఆనించి, తన నల్లబూట్లు విప్పి సౌభాగ్యమ్మ చెప్పుల పక్కన ఒద్దికగా పెట్టి, మేజోళ్ళ కాళ్ళతో ఆ చల్లని మెట్టు మీద చతికిలబడి కూర్చుంది. తాను కదలనని మాట ఇవ్వడానికి ఆమెకు తోచిన భాష అది.

ఇందుమతి చిన్న తలుపు దగ్గర నిలబడి ఏ సందు పట్టాలో తెలియక తల్లడిల్లింది. దైవదర్శనం చేసుకుని బయటికి వచ్చిన అక్క జీవితంలో ఎన్నడైనా ఏం చేసింది? గుడిని కుడిచేతివైపు ఉంచుకుని ప్రదక్షిణం చేసింది. ఎదురు తిరిగి వెళితే తొందరగా కలవవచ్చు గాని, చీలికల దగ్గర తప్పిపోవచ్చు. అక్క నడిచినట్టే నడవాలి. ఇందుమతి తన చెప్పులు కూడా విడిచి, గోపురాన్ని కుడిపక్కన పెట్టుకుని, దారి చీలిన ప్రతిచోటా కుడివైపుకే తిరుగుతూ పరుగులాంటి నడక సాగించింది. సందులు ఇరుకై, మలుపులై, మెట్లై దిగాయి. ఇళ్ళ నీడలు కలిసిపోయి దారి నల్లబడింది. ఉన్నట్టుండి ఇళ్ళు అయిపోయాయి. ఎడమపక్క శూన్యం, అడుగున నీటి హోరు.

ఆ శూన్యం అంచున, పొట్టి గోడ మీద, లోయలోకి కాళ్ళు వేలాడేసి సౌభాగ్యమ్మ కూర్చుని ఉంది. అరికాళ్ళు చిట్లి నెత్తురు కారుతున్నాయి.

అక్కా అని కేక వేయబోయి ఇందుమతి ఆగింది. ఉలిక్కిపడితే చాలు, మనిషి దక్కదు. ఆమె మెల్లగా పక్కకు చేరింది. సౌభాగ్యమ్మ తల తిప్పి చూసింది. ఆ చూపులో గుర్తింపు లేదు.

"ఎవరమ్మా నువ్వు?"

ఇన్నేళ్ళుగా భయపడిన మాట వచ్చింది. నేను నీ చెల్లెల్నని చెబితే ఆ కళ్ళలో బెదురు పుడుతుంది, ఆ బెదురు లోయ వైపు తోస్తుంది. ఇందుమతి చేతులు జోడించింది.

"నేనూ ప్రదక్షిణం చేస్తున్నానండీ. అలిసిపోయినట్టున్నారు. మీరూ అటేనా? తోడు రానా?"

"రా తల్లీ, తోడుంటే మంచిదే," అంది సౌభాగ్యమ్మ. "మా చెల్లెలు తప్పిపోయింది. దానికి దారీ తెన్నూ తెలియదు, పైగా మతిమరుపు. కనబడేదాకా తిరుగుతానని ఆ తల్లికి మొక్కుకున్నాను. కాళ్ళే సహకరించడం లేదు."

"దొరుకుతుందిలెండి. ముందు కాళ్ళు ఇటు వేయండి."

ఇందుమతి చెయ్యి చాచి, అక్క చెయ్యి తన చేతిలోకి వచ్చేదాకా కదలలేదు. ఇద్దరూ పరాయివారి మాదిరిగా, గోపురాన్ని కుడిపక్కన ఉంచుకుని మెట్లు ఎక్కారు. దారి పొడుగునా సౌభాగ్యమ్మ తన చెల్లెలి చిన్నతనపు అల్లరి చెబుతూనే ఉంది. ఇందుమతి అదేదో ఇంకొకరి కథ అయినట్టు ఊ కొడుతూనే ఉంది.

పడమటి ద్వారం దగ్గర రెమెదియోస్ అలాగే కూర్చుని ఉంది. దేవాలయం మూసే వేళ దాటినా తలుపు వేయనివ్వలేదట. సౌభాగ్యమ్మ మెట్టు ఎక్కి, గాయపడిన పాదాలను తన చెప్పుల్లో పెట్టింది. పెట్టి, ఒక్క క్షణం నిలబడి, పక్కకు చూసింది.

"ఎక్కడికి పోయావే ఇందూ? నీకోసం ఊరంతా తిరిగాను. చెప్పులేవీ నీవి? ఉత్త కాళ్ళతో వచ్చావేం?"

ఇందుమతి ఆ మెట్టు మీదే కూలబడింది. ఆఖరి బండి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆ పూటకు రెమెదియోస్ తన ఇంటనే వేడినీళ్ళతో ఇద్దరి కాళ్ళూ కడిగి పక్క వేసింది. మర్నాడు భుజంగరావుగారు వచ్చి, లోయ అంచున జరిగినది ఇందుమతి చెబితే రెమెదియోస్‌కు ఆమె భాషలో వినిపించారు. అప్పటికి సౌభాగ్యమ్మకు వాల్దెరోకా అన్న ఊరే తెలియదు. ఆ తరువాత చెల్లెలి పేరు ఎన్నాళ్ళు నిలిచిందో చెప్పేవారు లేరు.

వాల్దెరోకావారు మాత్రం మరువలేదు. ఆ పడమటి మెట్టు మీద ఒక వారగా రాయి అరిగి, జత చెప్పులు పట్టేటంత పల్లమై నేటికీ కనబడుతుంది. ఏటా ద్రాక్షకోతలు అయ్యాక, ఇంట్లో మతిమరుపు వచ్చినవారున్న కుటుంబాలవాళ్ళు అక్కడికి వచ్చి, వారి చెప్పులు విడిపించి, పక్కన తమవి విడుస్తారు. రెమెదియోస్ వంశపు ఆడవాళ్ళు వాటికి కాపలా కూర్చుంటారు. అందరూ ఉత్త కాళ్ళతో, గోపురాన్ని కుడిచేతివైపు ఉంచుకుని సందులు దిగుతారు. లోయ అంచు రాగానే, కొడుకు తల్లితో గాని, భార్య భర్తతో గాని, చెల్లెలు అక్కతో గాని చుట్టరికం ఎత్తకుండా, పేరు చెప్పకుండా, కొత్తవారిని అడిగినట్టు, మీరూ అటేనా, తోడు రానా అని అడిగి చెయ్యి చాస్తారు. ఎదుటివారు ఆ చెయ్యి అందుకునేదాకా కదలరు.