చుక్క పోనివ్వని పెట్టె

ఓబులేశు చేసిన పెట్టె చక్కగా పనిచేసింది. మోయడమే ఎవరివల్లా కాలేదు.

అది సైనికులు వీపున తగిలించుకునే కరెంటు పెట్టె. అందులో మిథనాల్ అనే ఇంధనం పోస్తే వైర్‌లెస్ సెట్లకీ దీపాలకీ కావలసిన కరెంటు పుడుతుంది. అయితే మిథనాల్లో కొంచెం నీళ్ళు కలిస్తేగానీ పెట్టె నడవదు. ఆ నీళ్ళు వేరే మోసుకుపోకుండా, పెట్టె వదిలే ఆవిరినే చల్లార్చి, నీళ్ళు చేసి మళ్ళీ లోపలికి పంపాలి. ఆ పని ఓబులేశు ఎంత గట్టిగా చేశాడంటే, ఒక్క చుక్క కూడా బయటికి పోదు. ల్యాబులో కనబడ్డవాళ్ళందరికీ ఆ మాట చెప్పుకుని మురిసిపోయేవాడు.

పోయిన నెల దాన్ని ఒక జవాను వీపున కట్టి కొండ ఎక్కించి చూశారు. బరువు మరీ ఎక్కువన్నారు. అదొక్కటే అయితే ఓబులేశు తట్టుకునేవాడు. కానీ ఆ జవాను పెదాలు ఎండిపోయి దిగివచ్చి, "ఏమనుకోవద్దు సార్, దీని బరువుకి భయపడి నా తాగే నీళ్ళ సీసా కిందే వదిలేసి పోయినా" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఓబులేశుకి ముద్ద దిగేది కాదు.

సోమవారం మళ్ళీ పరీక్ష. ఈసారీ బరువు తగ్గకపోతే పెట్టెని అటకెక్కించేస్తారు. రేకు మార్చాడు, తీగలు పొట్టి చేశాడు, ఆఖరికి మరలు కూడా చిన్నవి వేశాడు. తూకం ముల్లు మాత్రం బరువుకి హద్దుగా గీసిన ఎర్రగీత దాటే నిలబడింది. ఇక లాభం లేదని పెట్టె ఎత్తుకుని పీరా మాస్టారి గదికి వెళ్ళాడు.

హుస్సేన్‌పీరా మాస్టారు ఆ ల్యాబుకి పెద్ద. కర్నూలు మనిషి. గొంతు పెంచి మాట్లాడటం ఆయనకి ఇప్పటికీ చేతకాదు. ఓబులేశు కొత్తగా చేరిన రోజున, తాగగా గ్లాసులో మిగిలిన నీళ్ళు కిటికీలోని మొక్కకి పోస్తుంటే చూసి, ఊరేదో అడిగి, "నువ్వు నా దగ్గర ఉండప్పా" అని చేరదీసింది ఆయనే.

"ఇంకేం తీసేయాలో తెలీడం లేదు సార్. అన్నీ తీసేసినా."

మాస్టారు పెట్టె అడుగునున్న డబ్బాని వేలితో తట్టారు. "ఇది?"

"అది నీళ్ళది సార్. పుట్టిన నీళ్ళలో మూడో వంతు లోపలికి పోతాయి. మిగిలినవి అందులో నిలుస్తాయి."

"తాగొచ్చునా?"

"అయ్యో, తాగకూడదు సార్. మిథనాల్ కలిసి ఉంటుంది."

"మరి ఎందుకప్పా?"

"ఎప్పుడన్నా పనికొస్తాయి కదా సార్." ఆ డబ్బా మీద ఎక్కడ చెయ్యి వేస్తారోనన్న బెదురు ఓబులేశు గొంతులో దాగలేదు.

మాస్టారు పెట్టె ఆన్ చెయ్యమన్నారు. దానికి తగిలించిన బల్బు వెలిగింది. ఆయన వంగి, డబ్బా అడుగున ఉన్న ప్లగ్గు ఊడదీశారు.

నీళ్ళు ధార కట్టాయి. ఓబులేశు ఏమీ ఆలోచించలేదు. అతని రెండు చేతులూ వాటంతటవే వెళ్ళి ధార కింద దోసిలి పట్టాయి.

కల్యాణదుర్గం పక్కన అతని ఊళ్ళో, ట్యాంకరు పైపు కారే చోట వాళ్ళమ్మ చెంబు పట్టుకుని నిలబడేది. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకి, చేతులు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి. చెంబెడు నీళ్ళు ఒలకబోసినందుకు ఒకసారి ఓబులేశు వీపు విమానం మోత మోగింది. కొట్టినావిడే ఆ తర్వాత కూర్చుని ఏడ్చింది.

దోసిలి నిండింది. వేళ్ళు ఎంత బిగించినా నీళ్ళు సందుల్లోంచి నేలమీద పడుతున్నాయి.

"ప్లగ్గు పెట్టండి సార్, పోతున్నాయి!"

మాస్టారు పెట్టలేదు. బల్బు వైపు చూశారు. ఓబులేశూ అటే చూశాడు. డబ్బా పూర్తిగా ఖాళీ అయిపోయింది. బల్బు వెలుగుతూనే ఉంది. లోపలికి పోవలసిన నీళ్ళు సన్నగొట్టంలో ఎప్పటిలాగే పోతున్నాయి.

మాస్టారు జేబురుమాలు తీసి, ఓబులేశు దోసిలి మెల్లగా విడదీసి, చిన్నపిల్లాడికి తుడిచినట్టు రెండు చేతులూ తుడిచారు.

"మీ ఊరికి చాల్లేదు నాయనా," అన్నారు. "దీనికి చాలు."

ఓబులేశు పెట్టె ఆపి, స్క్రూడ్రైవర్ అందుకుని డబ్బా విప్పాడు. లోపలికి కావలసింది మూడో వంతే కనక, ఆవిరిని చల్లార్చే రేకులు మూడింటిలో రెండు ఊడదీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ ఆన్ చేశాడు. బల్బు వెలిగింది. పెట్టెని తూకానికి పెడితే ముల్లు ఎర్రగీతకి బాగా ఇవతలే ఆగింది.

మాస్టారు భేష్ అనబోయారు. అప్పటికే ఓబులేశు తన సంచిలోంచి సీసా తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. తాగే నీళ్ళు మెడదాకా పట్టి తెచ్చి, తూకం మీద పెట్టె పక్కన నిలబెట్టాడు.

ముల్లు కదిలింది. గీత దాటలేదు.