కళ్ళు తెరిచిన కాయలు

రండి, దగ్గరికి జరగండి. అమ్మా, ఆ చాప కాస్త ఇటు లాగండి, లేకపోతే ఆ మూలన కూర్చున్న తాతగారికి వినబడదు. అయ్యా, మీ ఫోను జేబులో పెట్టుకోండి, నక్క మాట్లాడేటప్పుడు మోగిందంటే నక్కకి కోపం వస్తుంది. ముందు ఒక్కసారి ఆ రామయ్యని తలుచుకుందాం. ఈ కథ నా నోట ఆయన ఎన్నిసార్లు విన్నాడో! అయినా ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వుతాడు మహానుభావుడు. మీరూ ఆయనతోపాటే నవ్వండి. ముందే నవ్వేస్తే కథ మీకు తెలిసిపోయిందని నాకు అనుమానం వస్తుంది.

దోనెలగుట్ట అని ఒక గుట్ట. బండల మీద వాననీళ్ళు నిలిచే గుంటల్ని అక్కడ దోనెలంటారు. గుట్టనిండా దోనెలు, దోనెల చుట్టూ సీతాఫలం చెట్లు. ఆ గుట్ట మీద నల్లమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఆకారం భారీ, మనసు మెత్తన. పొద్దున్నే తూర్పుకి తిరిగి దండం పెట్టుకోనిదే చెదలపుట్ట కూడా తవ్వేది కాదు. ఇచ్చిన మాట తప్పడమంటే ఆమెకి ముల్లు గుచ్చుకున్నంత బాధ. ఆ ముల్లు సంగతి బాగా తెలిసిన మనిషి పక్కనే ఉండేది, ముళ్ళపంది పోచవ్వ. ఆమెకి ఒంటిమీద కంటే నాలుకమీద ముళ్ళెక్కువ.

ఆ ఏడు ఎండలు ఎలా కాశాయంటే, దోనెలన్నీ ఎండి, అడుగున మట్టి అప్పడాల్లా లేచిపోయింది. కుందేలు చెవులయ్య నాలుక బయటపెట్టి పడుకుంటే లోపలికి తీసుకునే ఓపిక కూడా లేదు. సరిగ్గా అప్పుడే కింద మక్కజొన్న చేలల్లోంచి తరిమేస్తే గుట్టెక్కి వచ్చాడు గుంటయ్య. నక్క. కొత్తగా వచ్చినవాడు, పాతవాడిలా మాట్లాడేవాడు.

"నల్లక్కా, వాగు ఇసుకల చెలమ తియ్యాలె. నీళ్ళు ఏడ పడుతయో నాకెరుక. కానీ ఊరికే చూపిస్తే నీళ్ళ విలువ మీకు తెలవదు కదా" అన్నాడు.

"ఏం కావాలె నీకు?"

"ఇప్పుడేం వద్దు. సీతాఫలాల కాలం వస్తది చూడు, అప్పుడు పంపకం నేను చెప్పినట్టు జరగాలె. ఏవి నావో, ఏవి మీవో నేనే చెప్త. చెప్పినంక మీరు మార్చొద్దు, నేను మార్చ. సీతమ్మ తల్లి మీద ఒట్టు వెయ్యుండ్రి."

"సీతమ్మతోని పని పడినప్పుడు రావణాసురుడు కూడా గిట్లనే మెత్తగ మాట్లాడిండు" అంది పోచవ్వ.

నల్లమ్మ చెవులయ్య నాలుక వైపు చూసింది. ఒట్టు వేసింది. గుంటయ్య కూడా వేశాడు. సాయంత్రానికి అందరూ చెలమ దగ్గర కడుపునిండా నీళ్ళు తాగారు. చెడ్డవాడు చేసిన మంచిపనిని మంచిపని అనే చెప్పాలి, అందుకే చెబుతున్నాను.

ఇంకొక్క సంగతి. గుంటయ్యకి దిష్టి భయం. తొండని తిన్నా సరే, బండ చాటుకి పోయి, వెనక్కి తిరిగి తినేవాడు. ఒకసారి వాగులో కుళ్ళిన ఎండ్రకాయ, అదే పీత, తింటూ ఉంటే కాకి ఒకటి చూసింది. రెండ్రోజులు కడుపు పట్టుకుని దొర్లాడు. కుళ్ళిన ఎండ్రకాయని ఒక్క మాట అన్లేదు. "ఆ కాకి కళ్ళు మంచియి కావు" అన్నాడు.

సరే. వానలొచ్చాయి, దోనెలు నిండాయి, వాగు ఎర్రగా పొంగి మళ్ళీ తేటపడింది. ఆశ్వయుజం వచ్చింది. గుట్టకి వచ్చిన మార్పులన్నీ చిన్నచిన్నవే. పొద్దున్నే గడ్డిమీద నడిస్తే కాళ్ళు తడిసేవి. సాలెగూళ్ళ మీద మంచు చుక్కలు నిలబడేవి. కప్పలు గొంతు తగ్గించాయి, తూనీగలు ఎక్కువయ్యాయి. తంగేడు విరగబూసింది. ఊళ్ళోంచి ఆడవాళ్ళు పూలకోసం గుట్టెక్కి, పాడుకుంటూ దిగిపోయేవాళ్ళు. వాళ్ళ పాట అయ్యేదాకా చెవులయ్య పొదలోంచి బయటికి వచ్చేవాడు కాదు. భక్తి అనేవాడు. భయమని అందరికీ తెలుసు.

నల్లమ్మకి మాత్రం పెద్ద మార్పే. నీళ్ళోసుకుంది. చలి రాగానే గుహలోకి పోయి కనాలి. కన్నాక పిల్లలు కళ్ళు తెరిచేదాకా వాటిని వదిలి కదలకూడదు. అన్ని రోజులు తిండి లేకుండా పాలివ్వాలంటే ఒంటికి కొవ్వు పట్టాలి. ఆ కొవ్వు ఇచ్చేది సీతాఫలమే. గుట్టమీద ఆ కాలంలో వేరే తిండి ఆమె ఆకలికి సరిపోదు.

"గుంటయ్య పెద్దకాయలన్నీ నావి అంటడు పోచవ్వా. గోలీలంత కాయలు నాకు మిగులుస్తడు. పిల్లలకి పాలేడికెళ్ళి వస్తయి?"

"ఒక్క దెబ్బ కొట్టు. వాగులో పడతడు."

"ఒట్టేసిన కదా."

"ఎలుగుబంటికి అంత భక్తి ఎందుకమ్మా? మాసొంటి చిన్నోళ్ళకి భక్తి, మీసొంటి పెద్దోళ్ళకి పంజా ఇచ్చిండు దేవుడు. ఎవరిది వాళ్ళు వాడుకోవాలె."

నల్లమ్మ చెంపలేసుకుంది. పోచవ్వ తరపున కూడా వేసుకుంది.

సీతాఫలం తినేవాళ్ళకి తెలుసు, కాయ ముదిరేటప్పుడు దాని ఒంటిమీద బొడిపెలు విచ్చుకుని, మధ్యలో గాడులు తెల్లబడతాయి. దాన్నే కన్ను తెరవడం అంటారు. కన్ను తెరిచిన కాయ కోసి పెడితే రెండ్రోజుల్లో పండుతుంది. తెరవకముందే కోస్తే ఎన్నాళ్ళు మాగబెట్టినా పండదు, నల్లగా రాయైపోతుంది. గుట్టమీద కూనలక్కూడా తెలిసిన సంగతి ఇది. మక్కచేలల్లో పెరిగిన గుంటయ్యకి ఎవరు చెబుతారు?

పంపకానికి ముందురోజు అతను బండ వెనకనుంచి చెవి పెట్టాడు.

"పెద్దబండ పక్క చెట్టుకి ఎన్ని కళ్ళు తెరిచినయి అవ్వా?" అంటోంది నల్లమ్మ.

"తొమ్మిది. నిన్న పొద్దుగూకంగ చూసిన, అన్నీ మూసుకొని ఉండె. పొద్దుగాల పోతే తెరుచుకొని నా దిక్కే చూస్తున్నయి."

గుంటయ్య తోక దానంతటదే కాళ్ళ మధ్యకి పోయింది. నల్లమ్మ అటు వెళ్ళగానే పోచవ్వ దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, కాయకి కళ్ళుంటయా?"

పోచవ్వ అతని మొహం చూసింది. వీడు దేనికి వణుకుతున్నాడో ఆమెకి అర్థమైంది. లోపల నవ్వు పుట్టింది, దాన్ని ముళ్ళకింద దాచుకుంది.

"ఉండకేం? ఒళ్ళంతా కళ్ళే."

"ఒక్కో కాయకి ఎన్ని ఉంటయి?"

"వంద దాకా ఉంటయేమో. కూసోని ఎంచినోడు లేడు."

"తెరిచినంక?"

"గుట్టంతటికీ తెలిసిపోతది. ఏడ దాచినా దాగదు." వాసన గురించే అంది. ఒక్క అబద్ధం లేదు, చూసుకోండి.

"తిన్నోడి సంగతి?"

"మూతి చూస్తే చాలు, పట్టిస్తది."

గుంటయ్య ఆ సాయంత్రం అన్నం... అదే, తొండ ముట్టలేదు. ఒక్క కాకి, రెండే కళ్ళు, రెండు రోజుల నొప్పి. ఒక్క కాయకి వంద కళ్ళు! లెక్క ముందుకు సాగక కడుపు పట్టుకున్నాడు.

తెల్లారింది. పెద్దబండ దగ్గర అందరూ చేరారు. గుంటయ్య గొంతు సవరించుకున్నాడు.

"పంపకం చెప్తున్న. కళ్ళు మూసుకున్న కాయలన్నీ నావి. కళ్ళు తెరిచినవన్నీ మీవి. ఈ ఒక్క రోజుకి కాదు, ఈ కాలమంతా ఇదే మాట."

చెవులయ్య నవ్వు ఆపుకోవడానికి తన చెవిని తనే నోట్లో కుక్కుకున్నాడు. నల్లమ్మకి సంతోషమే, కానీ వెంటనే సిగ్గేసింది.

"గుంటయ్యా, ఆ మాట వద్దు. మూసుకున్న కాయ నీకు పనికిరాదు. తెలుసుకొని చెప్పు."

గుంటయ్య మెడ ఒక పక్కకి వంచి నవ్వాడు. "పనికిరాకుంటే నీ గొంతెందుకు వణుకుతుందక్కా? నా మేలు కోరేటోళ్ళని నేను మస్తుగ చూసిన. మూసుకున్నవే నావి. ఒట్టు గుర్తుందా, లేదా?"

"అది కాదయ్యా, కన్నంటే..." అని నల్లమ్మ నోరు తెరవబోయింది. పక్కలో ఒక ముల్లు దిగింది.

"ఒకసారి చెప్పినవు, నీ ధర్మం అయింది" అని గొణిగింది పోచవ్వ. "రెండోసారి చెప్తే బతిమాలినట్టుంటది."

గుంటయ్య పొద్దంతా మోశాడు. నోటితో ఒక్కో కాయే పట్టుకుని బొరియ నింపాడు, ఎండుగడ్డి కప్పాడు. ఒకటి కొరికి చూస్తే పన్ను జివ్వుమంది. "మాగనీ" అనుకున్నాడు. మిగతా కాయలు చెట్టుమీదే వదిలేశాడు. అవెక్కడికి పోతాయి, తనవే కదా!

మర్నాడు పరుగెత్తుకొచ్చాడు.

"నల్లక్కా! ఈ కొమ్మ మీది కాయ నిన్న నేను గుర్తుపెట్టుకున్న. మూసుకొని ఉండె. నాది."

"ఇప్పుడు?"

గుంటయ్య కాయవైపు చూశాడు, వెంటనే మొహం తిప్పుకున్నాడు. "తెరిచింది."

"మరి?"

"...మీది."

ఆ మర్నాడు ఆరు తెరిచాయి. ఆ మర్నాడు ఇరవై. తనవనుకున్న కాయలన్నీ పొద్దున్న లేచేసరికి నల్లమ్మవైపు పోతున్నాయి. బొరియలో ఉన్నవి చూస్తే నల్లబడి, బండకేసి కొడితే బండకే నొప్పి పుట్టేలా ఉన్నాయి. గుంటయ్య బుర్ర గట్టిగా గోక్కున్నాడు. అప్పుడొక ఉపాయం తట్టింది. మధ్యాహ్నం వేళ చెట్టుకింద కూర్చుని కాయలకి జోలపాట ఎత్తుకున్నాడు.

నక్క జోలపాట మీరెప్పుడైనా విన్నారా? వినకండి. చెవులయ్య విన్నాడు. కుందేలు చెవులు, అంతా లోపలికి పోయింది పాపం, మూడు రోజులు నిద్రపట్టలేదు.

"ఏమయ్యా, పండుకున్నయా?" అని అడిగింది పోచవ్వ.

"ఇంకో రెండు కళ్ళు తెరిచినయి" అన్నాడు గుంటయ్య, ఏడుపు గొంతుతో.

"నీ పాటకి రాళ్ళు కూడా లేచి కూసుంటయి. వాటిని అనుకొని ఏం లాభం?"

చివరికి ఆకలి తట్టుకోలేక నల్లమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆమె బండకి ఆనుకుని, ఒళ్ళో పది పండ్లు పెట్టుకుని, అందరూ చూస్తుండగా తింటోంది. పొట్ట గుండ్రంగా ఉంది. బొచ్చు నిగనిగలాడుతోంది.

"అక్కా, కడుపు నొస్తలేదా? అన్ని కళ్ళు చూస్తుంటే?"

నల్లమ్మ తినడం ఆపి అతన్ని పరీక్షగా చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకి. నవ్వలేదు, కానీ పొట్ట మాత్రం కదిలింది.

"పిచ్చోడా! కన్నంటే ఈ గాడి. చూపు లేదు, దిష్టి లేదు. ముదిరిందని చెట్టు చెప్పే మాట అది. అది చెప్పినంకనే కొయ్యాలె."

గుంటయ్య తోక నేలకేసి కొట్టాడు. "ఆరోజు చెప్పొచ్చు కదా!"

"చెప్పబోయిన. మేలు కోరేటోళ్ళని మస్తుగ చూసిన అన్నవు."

అక్కడే ఉన్న పోచవ్వ వెల్లకిలా పడి నవ్వాలనుకుంది. ముళ్ళపందికి ఆ వీలు లేదు కాబట్టి నిలబడే నవ్వింది.

నల్లమ్మ ఒళ్ళో పండ్లని ఒకసారి తడిమింది. అందులో అన్నిటికంటే పెద్దదాన్ని తీసి గుంటయ్య ముందు పెట్టింది.

"ఎండకాలంల చెలమ చూపించినవు. నీళ్ళు తాగినోళ్ళం మేము, మరిచిపోలే. తిను."

"కళ్ళు..." అన్నాడు గుంటయ్య ఇంకా.

"భయమైతే నీ కళ్ళు మూసుకో."

కళ్ళు మూసుకుని, వెనక్కి తిరిగి, పండంతా తిన్నాడు. గింజలు ఉమ్మడం కూడా మరిచిపోయాడు. కడుపు నొప్పి రాలేదు. మొదటిసారిగా అతని మొహంలో తెలివి తగ్గి, సంతోషం కనబడింది.

చలి ముదిరింది. నల్లమ్మ గుహలోకి పోయింది. కొన్నాళ్ళకి లోపలినుంచి రెండు సన్నటి గొంతులు వినబడ్డాయి. గుహ ముందు పోచవ్వ కాపలా. ఒక పొద్దున నల్లమ్మ చెదలు తవ్వుకోడానికి బయటికి పోయిన వేళ గుంటయ్య వచ్చాడు. లోపలికి మెడ చాచాడు. ఆ చాచడంలో పరామర్శ ఎంతో, ఆకలి ఎంతో ఆ రామయ్యకే తెలియాలి.

"అవ్వా, పిల్లలు కళ్ళు తెరిచినయా?"

పోచవ్వ ఒంటిమీద ముళ్ళన్నీ ఒక్కసారిగా నిక్కబొడుచుకున్నాయి.

"తెరిచినయి నాయనా. కళ్ళు తెరిచినవన్నీ మావి. ఒట్టు గుర్తుందా, లేదా?"

గుంటయ్య వెనక్కి తిరిగి చూడకుండా గుట్ట దిగాడు.

తెలియని మాట చెవినబడితే అడిగి పూర్తిగా తెలుసుకోవాలి, చెప్పేవాళ్ళుంటే వినాలి. ఈ కథ నీతి ఇంతే.

అమ్మలూ, అయ్యలూ! ఇంటికి పోయేలోపు కథంతా మరిచిపోయినా నాకు బాధ లేదు, నక్క పాటయితే మరిచిపోవడమే మంచిది. ఒక్క పని మాత్రం గుర్తుంచుకోండి. నిండు గర్భిణి, తన పిల్లల తిండిలోంచి, ఎప్పుడో నీళ్ళు చూపించినవాడికి ఒక పండు తీసిచ్చింది. అందులో పెద్దది ఏరి ఇచ్చింది. రేపు పొద్దున మీ గుమ్మం ముందుకి ఎవరొస్తారో చూసుకుని, ఆ పని మీరూ ఒకసారి చెయ్యండి.