నవ్వుల పాలు

ఆ ఏడు ఎండలకు అడవిలో వాగు ఎండిపోయింది. జంతువులు నీళ్ళ కోసం వాగు ఇసుకలో చెలమ తవ్వడానికి దిగాయి. అడవిపంది ముట్టెతో తవ్వేది. అడవిదున్న ఇసుకను పక్కకు నెట్టేది. నక్క గట్టు మీద నీడలో కూర్చుని పెత్తనం చేసేది.

ఎలుగు మాత్రం తవ్వలేదు. మనుషులు వీధుల్లో ఆడించిన ఎలుగది, పారిపోయి వచ్చింది. ముక్కుకు తాడు కట్టిన చిల్లు అలాగే ఉంది. గోళ్ళన్నీ పీకేశారు.

"అందరూ చస్తూ తవ్వుతుంటే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నావేంరా?" అని కసిరింది నక్క.

"గిల్లుకుందామనే చూస్తున్నానన్నా. గోళ్ళేవీ?" అంది ఎలుగు, బోసి పంజాలు తిప్పి తిప్పి వెతుక్కుంటూ.

పంది పొట్ట చెక్కలయ్యేలా నవ్వి మళ్ళీ తవ్వింది. దున్న పని మానేసి పోదామనుకున్నప్పుడల్లా ఎలుగు ఏదో ఒకటి అనేది. "మా ఆసామికి నేనంటే ఎంత ప్రేమో! క్షణం వదిలి ఉండలేక ముక్కుకు తాడేశాడు." అలా నవ్వుకుంటూనే నిలువెత్తు లోతు తవ్వాయి. నీళ్ళు ఊరాయి.

అప్పుడు నక్క లేచి పంపకం మొదలుపెట్టింది. "పందికొక పాలు. దున్నకొక పాలు. పెత్తనం చేసినందుకు నాకు రెండు."

"మరి నా పాలో?" అంది ఎలుగు. దాని నాలుక పిడచగట్టుకుపోయింది.

"నీకా? నవ్వులపాలు!" అంది నక్క. "నవ్వు నాలుగు విధాల చేటన్నారు పెద్దలు. పోరా!"

ఆ సామెత కట్టినవాడు జన్మలో చెలమ తవ్వి ఉండడు. అయినా నాకు ఒళ్ళు మండేది నక్క మాటకు కాదు. ఆ మాటకు పందీ దున్నా కూడా పడీపడీ నవ్వాయి చూడండి, అందుకు.

ఎలుగు నవ్వలేదు. "సరే. నవ్వుల పాలు నాదని నలుగురిలో అన్నావు. నా పాలు నేను తీసుకుపోతున్నా," అని అవతలి గట్టున నోరు మూసుకు కూర్చుంది.

తెల్లారేసరికి ఇసుక జారి చెలమ పూడిపోయింది. చెలమంటే అంతే, రోజూ తవ్వుకోవాలి. పంది కాసేపు తవ్వి ముట్టె నొప్పంది. దున్న దానిమీద విరుచుకుపడింది. పని ఆగిపోయింది. గొంతులు ఎండిపోతున్నాయి.

"నవ్వించడం ఏమన్నా బ్రహ్మవిద్యా?" అంటూ నక్క గట్టు అంచున నిలబడి, ఎలుగులా ముక్కు పట్టుకుని గంతులేసింది. ఎవరూ నవ్వలేదు.

"వాడికి గోళ్ళు ఊడాయి, నవ్వించాడు. నీకేం ఊడిందని నవ్వాలి?" అంది పంది.

నక్క ఉక్రోషంతో ఇంకా ఎత్తుకు ఎగిరింది. గట్టు విరిగింది. నక్క తలకిందులుగా చెలమ బురదలో దిగబడింది, తోకొక్కటే పైన ఆడుతోంది. పందీ దున్నా పగలబడి నవ్వాయి.

"ఆపండి!" ఎలుగు అరుపుకు అడవి దద్దరిల్లింది. "నవ్వు నా పాలన్నారుగా, నన్నడక్కుండా ఎలా నవ్వుతారు? నా గోళ్ళు పోయాయంటే నవ్వారు. నా ముక్కు చిల్లుకు నవ్వారు. మీ పని నడిచింది. నాకూ దాహం వేస్తుందని ఒక్కరికైనా తోచిందా?"

దున్న తల దించుకుంది. "తప్పయిందిరా తమ్ముడూ. నక్క రెండు పాళ్ళూ నీవే. నవ్వులపాలు నక్కకే ఇద్దాం."

నక్కను తోక పట్టి లాగి గట్టున పడేశాయి. మళ్ళీ చెలమ తవ్వాక మొదట ఎలుగే తాగింది. కొన్ని నీళ్ళు ముక్కు చిల్లులోంచి కారిపోయాయి.

"చూశారా, ఒక్క పాలైతే నా ముక్కుకే చాలదు," అంది ఎలుగు.

ఈసారి నవ్వే ముందు పంది దాని మొహం వైపు చూసింది.

నీతి: నవ్వించేవాడి నోరు ఎండగట్టినవాడు నవ్వులపాలవుతాడు.