దళవాయి ఎడమకాలు

రాజుగారి సేనను నడిపే దళవాయి చెన్నప్పనాయకుడి ఎడమకాలు చల్లబడిపోయింది, ఆ నింద వచ్చి మజ్జిగమ్మే ఓబులమ్మ మీద పడింది. ఎంత కాపడం పెట్టినా ఆ పాదం వేడెక్కడం లేదు. "నా ఇంటికెదురుగా అరుగు మీద కూర్చుని దిష్టి పెడుతోంది ప్రభూ, ఊళ్లోంచి వెళ్లగొట్టించండి" అని అతను రాజుగారి ముందు పట్టుబట్టాడు.

ఆ అరుగు పోతే ఓబులమ్మకు తిండి లేదు. అయినా సభకు పిలిపిస్తే ఆమె ఏడవలేదు.

"నా కన్ను అంత చెడ్డదైతే మీ కుడికాలిని ఎందుకు వదిలేసింది దొరా? రెండూ కలిసేగా నా ముందు నడిచొస్తాయి" అంది.

సభలో ఎవరో కిసుక్కుమన్నారు.

"కుడికాలికి లేనిది, ఎడమకాలికి ఉన్నది ఆ ఒక్కటే" అంటూ ఆమె గండపెండేరం చూపించింది. రాజుగారు సన్మానించి తొడిగిన ఆ కడియాన్ని, జారకుండా ఉండాలని దళవాయి బాగా బిగింపించుకున్నాడు.

"ప్రభువులిచ్చిన గౌరవాన్ని తీసెయ్యమంటావుటే?"

"తియ్యొద్దు దొరా. అంతే బిగువుగా కుడికాలికి మార్చుకోండి. రేపు కూడా ఎడమకాలే చల్లగా ఉంటే నేనే మూట కట్టుకుని పోతాను."

మర్నాడు రాజవైద్యుడు రెండు పాదాలూ పట్టుకుని చూశాడు. ఎడమది వెచ్చబడింది, కుడిది చన్నీళ్లలో నానినట్టుంది. కడియం బిగువుకి నెత్తురు పాదందాకా సరిగా దిగడం లేదని తేల్చాడు. రాజుగారు నవ్వి, కంసాలిని పిలిపించి దాన్ని వదులు చేయించారు.

రోజూ ఆమె మొహం చూడలేక, కోట వాకిట మంచి చోటు ఇప్పిస్తాను, అక్కడికి మారమని దళవాయి కబురంపాడు. కదలకూడదని ఓబులమ్మ అప్పుడే నిశ్చయించుకుంది. బతికినన్నాళ్లూ అతని గుమ్మానికి ఎదురుగానే మజ్జిగ అమ్మింది.