కట్ట నీడన కొలువు

సిరిగిరి అనే ఒకానొక రాజ్యంలో ఉద్దండ భూపాలుడనే రాజు ఉండేవాడు. ఆయనకొక హంస పడవ ఉంది. కోట మెట్ల మీదినుంచే అందులో కాలు పెట్టి, పెద్దచెరువంతా విహరించాలని ముచ్చట. చెరువు మాత్రం మెట్లదాకా రాదు. నిండిన నీరు పొర్లి వాగులోకి పోవడానికి పూర్వులు కట్ట చివర రాతి అలుగు కట్టారు. ఆ ఎత్తు దాటాక చుక్క నిలవదు.

రాజు ఆ అలుగు మీద బండలు పేర్పించి, సందుల్లో మట్టి కూరించాడు. నీరు పెరిగింది. పడవ మెట్లను తాకింది.

"ప్రభువులు చెరువునే పెంచేశారు!" అన్నాడు మంత్రి తిప్పరాజు. ఆయన చేసే ఉద్యోగం అదే మరి.

కొలువులో మాచసాని ఉంది. రాణిగారికి పురాణాలు చదివి వినిపించడానికి వచ్చి, మాట పదునుతో సభలో చోటు సంపాదించుకున్న మనిషి.

"ప్రభూ, అది మట్టి కట్ట. దాని కిందే నేతపేట. ముందున్నది వానాకాలం. అలుగు మూసేస్తే కొత్త నీరు ఎటు పోవాలి?" అంది.

"మూడు తరాలుగా తెగని కట్ట ఇప్పుడు తెగుతుందా తల్లీ?" అన్నాడు మంత్రి.

"మీ తాతగారు కూడా పోయేదాకా బతికే ఉన్నారు కదా, మంత్రిగారూ."

సభలో కిసుక్కుమన్నవాళ్లు రాజు ముఖం చూసి నోళ్లు మూసుకున్నారు.

"ఆ కట్ట తెగదు! చెబుతున్నది నేను!" అన్నాడు రాజు. "మళ్లీ ఆ మాటెత్తావో, నీకు కొలువులో చోటు లేదు."

"చిత్తం. మరి ఆచారం ప్రకారం కొలువు ఎప్పుడు ప్రభూ?"

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాజు ఏ కొత్త పని చేయించినా, దాని నీడన ఒక పూట కొలువు తీరాలి. పొద్దు గుంకేదాకా లేవకూడదు.

"పడవలో తీరుద్దాం," అన్నాడు రాజు, ఉత్సాహంగా.

"నీటికి నీడెక్కడిది ప్రభూ? ఇప్పుడు అంత నీటినీ మోస్తున్నది కట్ట. పొద్దు వాలాక దాని నీడ నేతపేట మీద పడుతుంది."

తెగదని అప్పుడే అన్న నోటితో వద్దనడం ఎలా? రాజు సరేనన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం సింహాసనాన్ని నేతపేటలో, కట్ట పాదం దగ్గర వేశారు. పైన కట్ట, కట్టకవతల చెరువు. భట్రాజులు స్తోత్రం ఎత్తుకున్నారు కానీ ఒక్కరూ రాజును చూడడం లేదు. అందరి కళ్లూ కట్ట మీదే. తిప్పరాజు రెండు అడుగులు వెనక్కి జరిగాడు, మళ్లీ రెండు.

ఇంతలో సింహాసనం ఒక పక్కకు ఒరిగింది. దాని కోడు ఒకటి తడినేలలో దిగబడింది.

"వాన లేదే, ఈ తడేమిటి?" అన్నాడు రాజు.

పక్కింటి గుమ్మంలో నిలబడ్డ నేతగత్తె కోటమ్మ చేతులు జోడించింది. "అలుగు మూసినకాణ్ణించీ ఇంతే దొరా. ముందు తేటనీళ్లు ఊరేవి, ఊరితే ఊరాయిలే అనుకున్నాం. ఇప్పుడు బురదగా వస్తున్నాయి. కట్టలో మట్టి కొట్టుకొస్తోంది. మగ్గం గుంట నిండిపోయింది. కాళ్లు పెట్టి నేసేదెట్టా? పిల్లల్నేసుకుని ఎటు పోయేది?"

దూరాన కొండల మీద ఉరిమింది.

రాజు గభాలున లేచాడు. "కొలువు చాలు!"

"పొద్దు ఇంకా ఉంది ప్రభూ," అంది మాచసాని. "కూర్చోండి."

"కట్ట తెగితే?"

"తెగదని తమరే సెలవిచ్చారు."

"ఒకవేళ తెగితే అంటున్నాను!"

"ఆ ఒకవేళ కోసమే ప్రభూ పూర్వులు అలుగు కట్టింది. తెగకపోనూవచ్చు. నూరేళ్లు తెగకపోవచ్చు. కానీ తెగిన పూట కింద ఎవరుంటారు అన్నది చూసుకోవాలి కదా. తమరు ఒక్క పూట కూర్చోలేని చోట వీళ్లు వండుకుంటున్నారు, నేసుకుంటున్నారు, బిడ్డల్ని కంటున్నారు. పడవ ముచ్చట తమది, ప్రాణాలు వీళ్లవి."

రాజు కట్టకేసి చూశాడు. కోటమ్మకేసి చూశాడు.

"బండలు తీయించండి," అన్నాడు చివరికి, మెల్లగా.

"ఒక్కసారిగా వద్దు ప్రభూ, వరస తర్వాత వరస. ముందు వాగు దిగువ ఊళ్లకు చాటింపు వేయించండి. నీరు తగ్గేదాకా పేటవాళ్లను మిట్టకు చేర్చండి. ఊట మీద ఇసుక, గులక పోస్తే నీరు పోతుంది, మట్టి ఆగుతుంది."

అలాగే చేశారు. వాన దంచికొట్టింది. వచ్చిన నీరు వచ్చినట్టే అలుగు మీదుగా దూకిపోయింది. కట్ట నిలిచింది. హంస పడవ మళ్లీ మెట్లకు దూరంగా బురదలో కూర్చుంది.

రాజు మాచసానిని పిలిపించాడు. "నన్ను నా ఆచారంతోనే కట్టేశావు. ఏం కావాలో కోరుకో."

"నాకేమీ వద్దు ప్రభూ. కట్ట సంగతి అంత బాగా తెలిసిన మంత్రిగారికి నేతపేటలో ఒక ఇల్లు ఇప్పించండి. కుటుంబంతో సహా."

తిప్పరాజు ముఖం చూసి రాజుకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇల్లు ఇప్పించాడు, మాచసానికి తన మెడలో హారం తీసి వేశాడు.

ఆ తర్వాత కట్టకు వేరే కాపలా అక్కర్లేకపోయింది. వాన పడినా పడకపోయినా, తెల్లవారేసరికి మంత్రిగారే పంచె ఎగ్గట్టి, కట్ట పాదాన వంగి, అరచేత్తో నేల తడిమి చూసుకునేవారు.