మద్దిచెట్టు తొర్రలో మందుల ఫైళ్లు

అనగనగా ఒక అడవిలో, మద్దిచెట్టు తొర్రలో ఒక కంప్యూటర్ ఉండేది. ఎలుగుబంటి వైద్యుడు తనకు తెలిసిన మందులన్నీ చెబుతుంటే ఉడుత టైపు చేసేది. చేతులు చురుకే. బుద్ధి మాత్రం ఉడుత బుద్ధి! గింజ దొరికితే కాలు పడిన చోటల్లా పాతిపెడుతుంది కదా, ఫైళ్లనూ అలాగే పడేసేది. తెర నిండా అవే. ఒకదాని పేరు "కొత్తది". ఇంకోటి "అసలైన కొత్తది". మరోటి "ఇదే, ఇదే".

గట్టు మీద బొరియలో ఉండే పందికొక్కు ఒకరోజు అది చూసింది.

"ఏమే ఉడుతా, మా బొరియలో వడ్లకో గది, పిల్లలకో గది. ఫోల్డర్లు చేసుకోవడానికి నీకేం రోగం?"

"మట్టి తవ్వేవాళ్లకు కంప్యూటర్ సంగతులెందుకత్తా? నాకన్నీ గుర్తే" అంది ఉడుత, తోక ఊపుతూ.

గుర్తట, గుర్తు! ఏం జరిగిందో వినండర్రా.

వైద్యుడు తేనె కోసం కొండ దాటి వెళ్లాడు. ఆ పొద్దున్నే జింక పరుగున వచ్చింది.

"అమ్మా ఉడుతా, నా బిడ్డ ఏదో విషపు కాయ తింది. కడుపు ఉబ్బిపోయింది. విరుగుడు చూసి చెప్పు తల్లీ!"

ఉడుత "కొత్తది" తెరిచింది. పెళ్లిపాట. "అసలైన కొత్తది" తెరిచింది. చింతకాయ పచ్చడి. గబగబా "ఇదే, ఇదే" తెరిచింది. తన తోక ఫొటో!

"నీ తోక నా బిడ్డను బతికిస్తుందా?" అని జింక భోరుమంది.

ఉడుత పరుగెత్తి పందికొక్కు కాళ్లమీద పడింది. పందికొక్కు దెప్పలేదు. వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఏడుపు తర్వాత. పాటలన్నీ ఒక ఫోల్డర్లోకి తొయ్యి. ఫొటోలు ఇంకోదాంట్లోకి. వంటలు వేరే. మిగిలినవి మందులే. వాటిల్లో వెతుకు."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి విరుగుడు దొరికింది. ఆ ఫైలు పేరేమిటో తెలుసా? "తర్వాత పేరు పెడతా"!

ఆకు పసరు తాగిన జింకపిల్ల సాయంత్రానికి లేచి నిలబడింది. ఉడుతకు అప్పుడు ఊపిరి ఆడింది.

మర్నాడే మందుల ఫైళ్లన్నిటికీ సరైన పేర్లు పెట్టి విడదీసింది. పొట్ట, చర్మం, కాట్లు.

"బాగుంది. తొర్రలోకి నీళ్లొస్తే?" అంది పందికొక్కు. "నేనూ ఒకప్పుడు తిండంతా పల్లంలో ఒక్క బొరియలోనే పెట్టాను. వరదొచ్చి ఊడ్చుకుపోయింది. నా పిల్లలు మూడు రోజులు పస్తులున్నారు. ఇంకో చోట కూడా ఉంచుకోవే."

ఈసారి ఉడుత తోక ఊపలేదు. అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి గట్టు మీది బొరియలో దాచింది. వైద్యుడు తిరిగొచ్చాక, ఆయన చెప్పిన కొత్త మందులు వారం వారం కలిపేది.

వానాకాలం రానే వచ్చింది. తొర్ర నిండింది, కంప్యూటర్ చచ్చింది. ఎలుగుబంటి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఉడుత పెన్‌డ్రైవ్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

పక్క అడవి నుంచి మరో కంప్యూటర్ తెచ్చిన రోజే, తేలు కుట్టిన పిల్లను ఎత్తుకుని కోతి వచ్చింది. ఉడుత "కాట్లు" తెరిచింది. తల్లి ఏడుపు అందుకునేలోపే మందు పేరు చెప్పేసింది.

నీతి: దాచానంటే చాలదు, అడగ్గానే దొరకాలి. పేరు పెట్టి, విడదీసి, రెండో చోట కూడా ఉంచినదే నిజంగా దాచుకున్నది.