భుజంగ మండూకం

పానకాలుకి కొత్త కప్ప దొరికింది. దొరికిందంటే చేతికి చిక్కలేదు, కంటికీ కనపడలేదు. కూత మాత్రం దొరికింది.

అతను భుజంగరావు మాస్టారి శిష్యుడు. పేరులో పాము ఉన్నా మాస్టారి చదువంతా కప్పల మీదే. ఏ వాగు బాగుందో, ఏ వాగు పాడైపోతోందో అక్కడి కప్పల కూతలు విని చెప్పేస్తారు. ఆ విద్య కోసమే పానకాలు అడవిలో వాగు పక్కన పాక వేసుకుని ఉంటున్నాడు. వంటకి సింహాచలం తోడున్నాడు.

"రాత్రిళ్ళు వాగు ఒడ్డున కూర్చుని నీ చెవులతో విను. జలగలు పట్టకుండా ఓ ఉప్పు పొట్లం దగ్గరుంచుకో," అని మాస్టారు మొదట్లోనే చెప్పారు. పానకాలు ఒకసారి వెళ్ళాడు. జలగల్ని చూసి వెనక్కొచ్చేశాడు. రికార్డింగ్ మిషన్‌ని పాక చూరుకి వేలాడదీసి, దాని కిందే మంచం వేసుకున్నాడు. మిషన్ వింటుంటే మళ్ళీ మనిషి వినడం దేనికని అతని ఉద్దేశం.

ఈ ఏడు కూడా ఏమీ కనిపెట్టకపోతే చదువు మానేసి బావగారి ఎరువుల కొట్లో కూర్చోమని ఇంట్లో ఖరాఖండిగా చెప్పేశారు. అందుకే కూత దొరకగానే ఆగమేఘాల మీద వ్యాసం రాశాడు. మాస్టారు జీపు దిగి కాళ్ళు కడుక్కునే లోపే చేతిలో పెట్టాడు. సాయంత్రం ఆ జీపులోనే వ్యాసం ఉన్న కవరు పట్నం వెళ్ళిపోవాలి. తర్వాత పేపర్లో ఫొటో ఎలాగూ వస్తుంది.

"దీనికి మీ పేరే పెట్టాను మాస్టారూ. భుజంగ మండూకం."

"కప్పకి పాము పేరా? పాపం, అదేం చేసిందిరా," అన్నారు మాస్టారు. "ఏదీ, వినిపించు."

పానకాలు మిషన్ నొక్కాడు. కూత రంపం కోస్తున్నట్టు మొదలైంది. మధ్యలో ఠక్కున ఆగింది. చివర సన్నటి ఈలతో ముగిసింది.

మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. మీసం కొద్దిగా కదిలింది.

"ఎప్పుడు కూస్తుందిది?"

"అదే విచిత్రం మాస్టారూ. మహా సిగ్గరి. నేను మెలకువగా ఉన్నంతసేపూ నోరు విప్పదు. నాకు కన్ను మూతపడితే చాలు, అందుకుంటుంది. మనిషి నిద్రని పసిగట్టే కప్ప ప్రపంచంలో ఇంకోటి లేదని రాశాను."

"రోజూ ఒకేలా కూస్తుందా?"

"చేపల పులుసు తిన్న రోజు గొంతు పెద్దది. వాసనకి దగ్గరికొస్తుందేమో."

"సింహాచలం విన్నాడా?"

"విని హడలిపోయాడు మాస్టారూ. పక్క చుట్టేసుకుని వంటపాకలోకి వెళ్ళిపోయాడు."

"హడిలి కాదండి, నిద్దర పట్టకండి," అన్నాడు సింహాచలం పొయ్యి దగ్గర్నుంచి. పానకాలు పట్టించుకోలేదు.

మాస్టారు నవ్వలేదు. వ్యాసం అతనికిచ్చేసి, "ఇవాళ చేపలున్నాయా?" అని సింహాచలాన్ని అడిగారు.

మధ్యాహ్నం పులుసు బ్రహ్మాండంగా కుదిరింది. మాస్టారు పానకాలుకి మారు వడ్డించమన్నారు. అతను వద్దంటుంటే మళ్ళీ వడ్డించమన్నారు. భోజనమయ్యాక పానకాలు కవరు తలగడ కింద పెట్టుకుని, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కాడు. మాస్టారు లేచి మిషన్ మీట నొక్కి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

టీ వేళకి పానకాలు ఒళ్ళు విరుచుకుంటూ లేచాడు. మాస్టారు మిషన్ వినిపించారు.

రంపం కోత, ఠక్కున ఆగడం, ఈల.

పానకాలు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "అదే మాస్టారూ, అదే. పట్టపగలు కూసిందా? మీరు చూశారా?"

"చూశాను. తీరిగ్గా చూశాను."

"ఎక్కడ?"

"ఇక్కడే. నీ మంచం దగ్గరే."

చప్పుడైతే పారిపోతుందని పానకాలు మెల్లగా కిందికి దిగాడు. మోకాళ్ళ మీద వంగి, దుప్పటి అంచు ఎత్తి, మంచం కిందికి తల దూర్చాడు.

మాస్టారు టీ ఊదుకుని ఒక గుక్క తాగారు.

"కింద కాదు నాయనా. పైన."

పానకాలు తల ఎంతకీ బయటికి రాలేదు.

ఇంతలో సింహాచలం గుమ్మంలోకి వచ్చాడు. "జీపు ఎల్లిపోతందండి. పట్నం పంపాలని కవరేదో అన్నారు కదండి?"

మాస్టారు మంచం కేసి చూశారు.

కాసేపటికి మంచం కిందనుంచి సన్నగా గొంతు వినిపించింది.

"కవరేం లేదు సింహాచలం. ఓ పొట్లం ఉప్పు కట్టి ఉంచు."